గుట్ట మీద గ్రావెల్ లీజు, కింద మా చెరువు: గ్రామసభలో ఏం అడగాలి?

పొలంగట్టు | మే 4
అందరికీ నమస్కారం. మాది విజయనగరం జిల్లా. మా ఊరికి పడమర వైపు ఎర్రగుట్ట ఉంది, రికార్డుల్లో గుట్ట పోరంబోకు. దాని మీద 4.8 హెక్టార్లలో గ్రావెల్ క్వారీకి ఎవరో దరఖాస్తు పెట్టారట. తహసీల్దార్ ఆఫీసు నుంచి విచారణకు వచ్చి వెళ్లారు. పన్నెండో తేదీన గ్రామసభ పెట్టి పంచాయతీ అభిప్రాయం తీసుకుంటారట.

గుట్ట తూర్పు వాలులో జీడి తోటలు, వాటి కింద మా చెరువు, చెరువు కింద 90 ఎకరాల దాకా వరి. గుట్ట మీద పడిన వాన ఒక గెడ్డలో చేరి చెరువులోకి దిగుతుంది. ఊరి తాగునీటి బోరు గుట్ట అడుగు నుంచి 300 మీటర్లు కూడా ఉండదు. ఊళ్లో సగం మంది వద్దంటున్నారు, మిగతా సగం రోడ్డు బాగుపడుతుంది, నాలుగు పనులు దొరుకుతాయి అంటున్నారు. వద్దని తీర్మానం చేసినా లీజు రావచ్చని పెద్దవాళ్ల మాట. అలా వచ్చేస్తే నీళ్ల విషయంలో, తవ్విన నేలను మళ్లీ బాగు చేసే విషయంలో ఏ షరతులు రాయించుకోవాలి? తెలిసినవాళ్లు చెప్పండి. మా నాన్నగారు రెండు రోజులుగా సరిగ్గా నిద్రపోవడం లేదు, ఇంట్లో అందరికీ అదే టెన్షన్.

గొలుసుకొలత | మే 4
బాబూ, నేను గనుల సర్వే పనిలో ముప్పై ఏళ్లు ఉండి రిటైరయ్యాను. ముందు ఆ 4.8 అనే అంకె దగ్గర ఆగు. 5 హెక్టార్లు దాటితే పర్యావరణ ప్రభావ అధ్యయనం, ప్రజాభిప్రాయ సేకరణ రెండూ చేయాలి. దాటకపోతే చిన్న ఫారం, ఒక నివేదికతో పని అయిపోతుంది. అందుకే చాలా దరఖాస్తులు 4.7, 4.8, 4.9 దగ్గర ఆగిపోతాయి. ఆ హద్దు నుంచి 500 మీటర్ల లోపు ఇంకో గ్రావెల్ లీజు ఉందా, దరఖాస్తు ఉందా అని చూడు. ఉంటే అన్నిటినీ కలిపి ఒకే క్లస్టర్‌గా లెక్కేయాలి, కలిపిన విస్తీర్ణం 5 దాటితే పెద్ద అధ్యయనం తప్పదు. ఒకే గుట్టను ముగ్గురి పేర్ల మీద మూడు ముక్కలు చేసినప్పుడు ఊరివాళ్లకు పనికొచ్చేది ఈ నిబంధనే.

చిన్న క్వారీకి పర్యావరణ అనుమతి అక్కర్లేదని ఎవరైనా అంటే నమ్మకు. 2012 ఫిబ్రవరి 27న దీపక్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు 5 హెక్టార్ల లోపు ఉన్న గ్రావెల్ లాంటి చిన్న ఖనిజాల లీజులకూ ఆ అనుమతి ఉండాల్సిందేనని చెప్పింది. కాబట్టి గనుల శాఖ లీజు, దానికి మైనింగ్ ప్లాన్, రాష్ట్ర పర్యావరణ మదింపు సంస్థ ఇచ్చే పర్యావరణ అనుమతి (దాన్నే ఈసీ అంటారు), కాలుష్య నియంత్రణ మండలి సమ్మతి, ఇవన్నీ ఉండాలి. నువ్వు అడగాల్సింది మైనింగ్ ప్లాన్ కాపీ. గుంత ఎంత లోతు, పైమట్టి ఎక్కడ పోస్తారు, నీళ్లు ఎటు పోతాయి అన్నదంతా అందులోనే ఉంటుంది.

పొలంగట్టు | మే 4
గొలుసుకొలత గారూ, చాలా థాంక్స్. మా గుట్టకు ఉత్తరాన అటు పక్క ఊరి వైపు ఇంకో క్వారీ నడుస్తోంది. దూరం కొలవలేదు, రేపు ఫోన్‌లో మ్యాప్ పెట్టి చూస్తాను.

రాతినీరు | మే 5
భూగర్భ జలాల పని చేస్తాను. నీళ్ల సంగతి నేను చెబుతాను, కొంచెం పొడుగ్గా రాస్తున్నందుకు క్షమించండి.

మనం గ్రావెల్ అని, తెలంగాణలో మొరం అని అనేది వేరే పదార్థమేమీ కాదు. కింద ఉన్న రాయే లక్షల ఏళ్ల ఎండకీ వానకీ మెత్తబడి నలిగిపోయిన పొర. మీ వైపు అది ఎక్కువగా ఖోండలైట్ రాయి, తెలంగాణలో గ్రానైట్. ఆ పొర కింద పగుళ్ల రాయి, ఇంకా కింద గట్టి రాయి ఉంటాయి. బోర్లు పగుళ్లలోంచి నీళ్లు తోడతాయి, కానీ పగుళ్లలో నిలిచేది చాలా తక్కువ. పైన ఉన్న ఈ నలిగిన పొరే వాన నీటిని పీల్చుకుని నెమ్మదిగా కిందికి వదులుతుంది. ఊరికి అదే ట్యాంకు. గ్రావెల్ తవ్వడమంటే ఆ ట్యాంకునే లారీలకు ఎత్తడం.

ఒక లెక్క చూడండి. ఇలాంటి పొరలో నీళ్లు వదిలే ఖాళీ దాని పరిమాణంలో సుమారు 3 శాతం అనుకోవచ్చు. ఒక హెక్టారులో 10 మీటర్ల మందాన పొర తడిసి ఉంటే అది లక్ష ఘనపు మీటర్లు, అందులో 3 శాతం 3,000 ఘనపు మీటర్లు. అంటే 30 లక్షల లీటర్లు. ఒకే ఒక్క హెక్టారుకు.

ఇక్కడే ఒక మోసం జరుగుతుంటుంది. నీటి మట్టం కంటే కిందికి తవ్వం అని ప్రతి కాగితంలోనూ రాస్తారు. ఏ నెలలో నీటి మట్టం? మే నెలలో మీ బావి చూస్తే 10, 12 మీటర్ల లోతున ఉంటుంది. అదే బావి నవంబరులో 3 మీటర్లకు వచ్చేస్తుంది. మేలో కొలిచి 9 మీటర్ల లోతు గుంతకు ఒప్పుకుంటే వానాకాలంలో గుంత నిండా ఊట నీళ్లే. ఆ నీళ్లు ఎండకు ఆవిరైపోతాయి, లేదా మోటారు పెట్టి బయటికి తోడేస్తారు. రెండు విధాలా పోయేవి మీ బోరు నీళ్లే. కాబట్టి షరతు ఇలా ఉండాలి: నవంబరులో చుట్టుపక్కల బావుల్లో కొలిచిన మట్టం కంటే కనీసం 2 మీటర్లు పైనే తవ్వకం ఆగిపోవాలి. ఆ 2 మీటర్లు ఏ చట్టంలోనూ లేవు, నా అనుభవంతో చెబుతున్నాను.

ఇప్పుడే, ఈ వారంలోనే, మీ చుట్టూ ఉన్న బావులన్నిటి లోతు తాడుతో కొలిచి పుస్తకంలో రాయండి. తేదీ వేయండి, ఇద్దరితో సంతకం పెట్టించండి. రేపు బోరు ఎండితే ఇది క్వారీ వల్ల కాదు, వానలు లేక అంటారు. మీ దగ్గర ముందటి కొలత లేకపోతే మాట్లాడటానికి ఏమీ మిగలదు.

ఎర్రచెలక | మే 5
తమ్ముడూ, మాది నల్గొండ జిల్లా. మా కథ చెబుతాను, నీకు పనికి వస్తుంది. మా రెండెకరాల చెలకలో మొరం ఉందని ఒక కాంట్రాక్టర్ వచ్చాడు. పట్టా భూమే. పడావుగా ఉంది కదా, ట్రాక్టరుకు ఇంత అని డబ్బులు వస్తాయని ఒప్పుకున్నాం. కాగితం లేదు, అంతా నోటి మాటే. నేల సాపు చేసి ఇస్తామన్నారు.

ముందు చేసిన పని, పైన ఉన్న జానెడు మంచి మట్టిని వేరే ఇంటి పునాదికి అమ్ముకోవడం. మేం చూస్తూనే ఉన్నాం, అది మళ్లీ కావాల్సి వస్తుందని మాకు తట్టలేదు. తరువాత 20 అడుగుల లోతు తవ్వి వదిలేశారు. గోడ నిలువుగా ఉంది. మొదటి వానకే పక్కవాళ్ల గట్టు విరిగి గుంతలో పడింది, మా ఇద్దరికీ గొడవ అయింది. మూడేళ్లు అందులో గడ్డి కూడా సరిగ్గా మొలవలేదు. మిషన్ కాకతీయలో చెరువు పూడిక తీసినప్పుడు 2017లో ఆ నల్లమట్టి తోలించి ఒక మూల మాత్రం చేను చేసుకున్నాం. కిరాయిలకు అయిన డబ్బు మొరం మీద వచ్చిన దానికంటే ఎక్కువ.

అందుకే చెబుతున్నా, పైమట్టి గడప దాటనివ్వకండి. మిగతా షరతులు మరిచిపోయినా ఇది మరిచిపోవద్దు.

గొలుసుకొలత | మే 5
అమ్మా, మీరు చెప్పిన నిలువు గోడ విషయం చాలా పెద్దది. మెటల్లిఫెరస్ గనుల నిబంధనలు 1961 ప్రకారం మొరం, గ్రావెల్, మట్టి లాంటి మెత్తటి నేలలో గోడ 45 డిగ్రీల వాలుకు మించకూడదు. లేదంటే మెట్లు మెట్లుగా తవ్వాలి, ఒక్కో మెట్టు ఎత్తు 1.5 మీటర్లు దాటకూడదు, వెడల్పు ఎత్తుకు తగ్గకూడదు. లీజు హద్దు లోపల చుట్టూ 7.5 మీటర్లు ముట్టుకోకూడదు. 200 మీటర్ల చదరం తీసుకుంటే 4 హెక్టార్లలో తవ్వదగ్గది 3.4 హెక్టార్లే అవుతుంది. ఆ అంచు వదిలి ఉంటే పక్కవాళ్ల గట్టు విరిగేది కాదు.

ఇంకో సంగతి. 1952 గనుల చట్టం (2025 నవంబరులో దాని చోట కొత్త కార్మిక భద్రతా కోడ్ వచ్చింది) చిన్న గ్రావెల్ గుంతలకు చాలా వరకు మినహాయింపు ఇచ్చింది. లోతు ఎక్కడా 6 మీటర్లు దాటకూడదు, ఏ రోజూ పనివాళ్లు 50కి మించకూడదు, పేలుడు పదార్థాలు వాడకూడదు. 6 దాటిన రోజు ఆ మినహాయింపు పోతుంది, కేంద్ర గనుల భద్రత అధికారుల పరిధిలోకి వస్తుంది. అందుకే ప్లాన్‌లో 6 మీటర్లే రాసి, నేల మీద 10 తవ్వుతుంటారు. గుంత అంచున కొలత రాయి పాతించమని అడగండి.

సొంతక్వారీ | మే 6
అందరూ క్వారీవాళ్లను తిడుతున్నారు కాబట్టి రాస్తున్నాను. నాకు అనకాపల్లి వైపు చిన్న గ్రావెల్ క్వారీ ఉండేది, లీజు అయిపోయింది. అన్ని కాగితాలూ ఉన్నాయి, సీనరేజీ (తవ్విన ఖనిజానికి ప్రభుత్వానికి కట్టే రుసుము) ఒక్క రూపాయి ఎగ్గొట్టలేదు. మా పక్కనే కాగితం లేకుండా రాత్రిపూట తోలేవాడు నాకంటే తక్కువ రేటుకు అమ్మేవాడు. ఆ సీనరేజీ, డీజిల్ పోగా గ్రావెల్ మీద మిగిలేది తక్కువే. షరతులు పెట్టండి, కానీ చేయగలిగే షరతులు పెట్టండి.

నేల బాగు చేయడం గురించి నా అనుభవం ఒకటే. అంతా తవ్వాక చివర్లో చేస్తాననేవాడు చేయడు. నేనూ మొదట అలాగే అనుకున్నాను. మా మేస్త్రి చెప్పబట్టి పద్ధతి మార్చాను. క్వారీని నాలుగు ముక్కలు చేసి, రెండో ముక్క పైమట్టిని తీసి ఎక్కడా కుప్ప పోయకుండా నేరుగా మొదటి ముక్క మీద పరిచాను. హిటాచీ అక్కడే ఉంది, డ్రైవరూ అక్కడే ఉన్నాడు, ఖర్చు దాదాపు లేదు. గోడలు కూడా అప్పుడే వాలుగా చెక్కాము. యంత్రం వెళ్లిపోయాక మళ్లీ తెప్పించాలంటే దాన్ని మోసుకొచ్చే లోబెడ్ లారీ కిరాయి దగ్గర నుంచి అన్నీ దండగే, ఎవరి చేతా కాదు. మొదటి ముక్కలో వేసిన కానుగ, సీతాఫలం మొక్కలు లీజు అయిపోయేనాటికి నా భుజం ఎత్తు వచ్చాయి. నాలుగో ముక్కకు మట్టి చాలలేదు, అక్కడ ఇప్పటికీ బోడిగానే ఉంది. అది నా తప్పే, ఒప్పుకుంటాను.

రాతినీరు | మే 6
సొంతక్వారీ గారూ, ఈ మాట బంగారం. పైమట్టిని ఏళ్ల తరబడి ఎత్తుగా కుప్ప పోస్తే లోపల గాలి ఆడక వానపాములు, గింజలు, సూక్ష్మజీవులు అన్నీ చచ్చిపోతాయి. తప్పక కుప్ప పోయాల్సి వస్తే మనిషి ఎత్తు దాటకుండా పోసి దాని మీద జనుము చల్లాలి.

నాలుగో ముక్కకు మట్టి చాలకపోవడానికి కారణం ఉంది. మొదటి ముక్క మట్టిని విడిగా దాచి చివరి ముక్కకు ఉంచాలి. ఆ ఒక్క కుప్పకు మాత్రం ప్లాన్‌లోనే చోటు చూపించమని అడగాలి.

సౌత్‌ప్లాట్ | మే 6
నేను గుంటూరు జిల్లా వాణ్ణి, ఇప్పుడు అమెరికాలో కొలరాడోలో క్వారీల అనుమతుల పనే చేస్తున్నాను. ఇక్కడి పద్ధతి చెబుతాను, పోల్చి చూడండి.

ఇక్కడ నేలను ఎలా బాగు చేస్తావో చూపించే ప్లాన్ లేనిదే అనుమతి రాదు. అది చేయడానికి ఎంత ఖర్చవుతుందో ప్రభుత్వమే లెక్కగట్టి, అంత మొత్తానికి ముందుగా హామీ డబ్బు కట్టించుకుంటుంది. క్వారీవాడు మధ్యలో పారిపోతే ఆ డబ్బుతో ప్రభుత్వం చేయిస్తుంది. చేసిన మేరకు హామీ తగ్గించి వెనక్కి ఇస్తారు. అందుకని ముక్క ముక్కగా బాగు చేసేవాడికి లాభం.

నీళ్ల విషయంలో ఇంకా గట్టిగా ఉంటారు. ఇక్కడ గ్రావెల్ ఎక్కువగా నది పక్కన దొరుకుతుంది, కాస్త తవ్వగానే భూగర్భ జలం బయటపడుతుంది. 1980 డిసెంబరు 31 తరువాత అలా నీళ్లు బయటపెట్టిన గుంత ఏదైనా, అందులోంచి ఆవిరయ్యే నీటిని లెక్కగట్టి ఆ మేరకు నదికి నీళ్లు తిరిగి ఇవ్వాలి. ఇవ్వలేనివాళ్లు గుంత చుట్టూ కింది గట్టి రాతి దాకా బంకమట్టి గోడ కట్టి ఊటను ఆపేస్తారు. అలాంటి గుంతలు తరువాత నీళ్లు నిల్వ చేసుకునే చెరువులుగా పనికొస్తున్నాయి. మీ గుట్టకు ఈ గోడలు అక్కర్లేదు. కానీ గుంతలో ఆవిరయ్యే నీళ్లు ఎవరివి అనే ప్రశ్న మీ ఊళ్లో కూడా అడగవచ్చు కదా.

వకాల్తా | మే 7
చట్టం వైపు నుంచి కొంచెం. పెద్ద ఖనిజాలకు మన దేశంలోనూ గని మూసివేత ప్లాన్, దానికి డబ్బు హామీ రెండూ ఉన్నాయి, 2017 నిబంధనల్లో. ఆ నిబంధనలు గ్రావెల్ లాంటి చిన్న ఖనిజాలకు వర్తించవు. చిన్న ఖనిజాలకు నిబంధనలు చేసే అధికారం 1957 చట్టం 15వ సెక్షన్ కింద రాష్ట్రాలకు ఇచ్చారు. ఒకటి మాత్రం చేతిలో ఉంచుకోండి. 2020 జనవరి 8న సుప్రీంకోర్టు, తవ్వకం ముగిశాక ఆ నేలలో మళ్లీ గడ్డి, మేత, మొక్కలు పెరిగేలా చేయాలని లీజుల్లో షరతుగా పెట్టమని ఆదేశించింది. మీ తీర్మానంలో ఆ తేదీ రాయండి.

రోడ్లు, పైపులైన్ల లాంటి పనులకు మట్టి తవ్వితే ఈసీ అక్కర్లేదని కేంద్రం 2020 మార్చిలో ఇచ్చిన మినహాయింపును సుప్రీంకోర్టు 2024 మార్చి 21న కొట్టేసింది. హైవే పని అని చెప్పి ఎవరైనా టిప్పర్లు దింపితే ఈసీ గానీ, ఏ మినహాయింపు కింద తవ్వుతున్నారో ఆ కాగితం గానీ చూపించమనండి.

మీ ఊరు షెడ్యూల్డ్ ప్రాంతంలో ఉందా? ఉంటే 1996 పెసా చట్టం (గిరిజన ప్రాంతాల పంచాయతీల చట్టం) ప్రకారం చిన్న ఖనిజాల లీజుకు ముందే గ్రామసభ లేదా పంచాయతీ సిఫార్సు తప్పనిసరి. మైదాన ప్రాంతమైతే తీర్మానానికి అంత బలం ఉండదు, కానీ రికార్డులోకి వెళ్తుంది, రేపు కేసు వేసినప్పుడు అదే ఆధారం. ఈసీ వచ్చాక 30 రోజుల్లోపు చెన్నైలోని హరిత ట్రైబ్యునల్‌కు అప్పీలు చేయాలి, తగిన కారణం చూపిస్తే ఇంకో 60 రోజులు ఇవ్వవచ్చు. ఆ తరువాత తలుపు మూసుకుంటుంది. చాలా ఊళ్లు హిటాచీ వచ్చాకే మేలుకుంటాయి. అందుకే పర్యావరణ అనుమతుల దరఖాస్తులు కనిపించే కేంద్ర ప్రభుత్వ పరివేష్ వెబ్‌సైట్‌లో మీ మండలం పేరుతో నెలకోసారి వెతకండి.

బడిగంట | మే 7
నేను బడిలో పాఠాలు చెబుతాను. మా మండలంలో వదిలేసిన గ్రావెల్ గుంతలో సెలవు రోజు ఈతకు దిగి మా ఏడో తరగతి పిల్లవాడు పోయాడు. గుంత అడుగు ఎగుడుదిగుడు, గోడ నిలువు, పట్టుకోవడానికి ఏమీ లేదు. పైనుంచి చూస్తే మోకాలి లోతు నీళ్లలా ఉంది. ఆ రోజు నుంచి ఏ గుంత పక్కనుంచి బస్సు వెళ్లినా నా చూపు దాని గోడ మీదకే పోతుంది.

నీళ్ల గురించి, మట్టి గురించి అందరూ బాగా రాశారు. వాలు గోడ ఉంటే పిల్లవాడు ఎక్కి వచ్చేసేవాడు. కంచె, వాలు, ఈ రెండూ లేకుండా మీ ఊరివాళ్లు సంతకం పెట్టవద్దు. దయచేసి.

పొలంగట్టు | మే 7
సార్, చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. తప్పకుండా పెడతాం.

పక్క క్వారీ దూరం చూశాను. హద్దు నుంచి హద్దుకు 380 మీటర్లు వస్తోంది. వీఆర్వో గారి దగ్గర దాని విస్తీర్ణం అడిగితే 3 హెక్టార్లకు పైనే అన్నారు.

గొలుసుకొలత | మే 7
అయితే రెండూ కలిపి 5 దాటింది. ఈ ఒక్క ముక్క చాలు. క్లస్టర్‌గా లెక్కేయమని, ప్రజాభిప్రాయ సేకరణ జరపమని మదింపు సంస్థకు ఇప్పుడే రాయండి. రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచండి.

పొలంగట్టు | మే 13
నిన్న గ్రామసభ జరిగింది. మూడు గంటలు పట్టింది. వద్దనేవాళ్లూ కావాలనేవాళ్లూ కొట్టుకునే దాకా వచ్చారు. రాతినీరు గారి 30 లక్షల లీటర్ల లెక్క చదివాక మాత్రం ఊరు నిశ్శబ్దమైంది. మా ఊరి ఆడవాళ్లే ముందుకొచ్చి, బోరు ఎండితే టిప్పర్ డబ్బులతో నీళ్లు కొంటారా అని అడిగారు.

తీర్మానం ఇలా రాశాం. పక్క క్వారీతో కలిపి క్లస్టర్‌గా చూసి ప్రజాభిప్రాయం తీసుకున్నాకే ముందుకు వెళ్లాలి. ఒకవేళ లీజు ఇస్తే, తూర్పు వాలు మొత్తాన్ని, గెడ్డకు రెండు వైపులా ఉన్న నేలను లీజులోంచి తీసేయాలి. నవంబరు నీటి మట్టానికి 2 మీటర్ల పైనే ఆపాలి, ఏ పరిస్థితిలోనూ 6 మీటర్లు దాటకూడదు. పైమట్టి ఒక్క బండి కూడా బయటికి పోకూడదు. నాలుగు ముక్కలుగా తవ్వి, ఒకటి బాగు చేసి పంచాయతీకి చూపించాకే తరువాతిది తెరవాలి. చుట్టూ గట్టుకాలువ తీసి ఎర్రనీళ్లు తేరుకునే గుంతలోకి పోవాలి, నేరుగా చెరువులోకి రాకూడదు, ఆ గుంతను వానాకాలానికి ముందు, మధ్యలో ఒకసారి శుభ్రం చేయాలి. గుంతను చెత్తతో గానీ బూడిదతో గానీ నింపకూడదు. కంచె, వాలు గోడలు మొదటి రోజు నుంచే ఉండాలి. బాగు చేసే ఖర్చు మేరకు ముందే డిపాజిట్ కట్టాలి.

డిపాజిట్ దగ్గర అధికారి అలాంటి రూల్ లేదన్నారు. రూల్ లేకపోయినా మా కోరికగా రాయమని పట్టుబట్టాం, రాశారు.

సొంతక్వారీ | మే 13
బాగా రాశారు. ఆరు నెలలకోసారి, జూన్ 1కి, డిసెంబరు 1కి షరతుల అమలు నివేదిక ఇవ్వడం ఈసీ ఉన్న ప్రతివాడి బాధ్యత. దాని కాపీ పంచాయతీకి కూడా ఇవ్వాలని ఒక వాక్యం కలపగలిగితే కలపండి. ఎవరో చదువుతున్నారని తెలిస్తే మావాళ్లు జాగ్రత్తగా ఉంటారు.

ఎర్రచెలక | మే 14
తమ్ముడూ, నాన్నగారు నిద్రపోయారా?

పొలంగట్టు | మే 14
నిన్న రాత్రి పడుకున్నారక్కా. పొద్దున్నే లేచి తాడు పట్టుకుని నాతో పాటు బావుల దగ్గరికి వచ్చారు. పదకొండు బావులు కొలిచాం. మా చెరువు గట్టు పక్క బావిలో నీళ్లు 8 మీటర్ల 40 సెంటీమీటర్ల లోతున ఉన్నాయి, గుట్ట అడుగున ఉన్న దానిలో 11 మీటర్ల 10. ప్రతి బావి ఒర మీద కొలిచిన చోట ఎర్ర రంగుతో గీత పెట్టాం. నవంబరులో మళ్లీ అదే గీత దగ్గర నుంచి కొలిచి ఇక్కడ రాస్తాను.